మూత విప్పనిదే నమ్మని ఒన్ని

ఒన్ని సారెలాకి ఉన్నది ఒకటే జబ్బు. లోపల ఏముందో కళ్లారా చూస్తే తప్ప దేన్నీ నమ్మడు. రేడియో కొంటే ముందు వెనక పలక ఊడదీసి చూస్తాడు, ఆ తర్వాతే మీట తిప్పుతాడు. పళ్ల డాక్టరు నోరు తెరవమంటే, ముందు మీ సొరుగు తెరవండి అంటాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదంటే మా హాంకాక్ ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు.

అన్నిటికన్నా ఘోరం పాస్టీల సంగతి. మా మిషిగన్ ఉత్తర కొసన మాంసం, బంగాళాదుంప కూరి మడిచి కాల్చిన పాస్టీ అంటే అన్నం కింద లెక్క. వేడివేడిగా చేత్తో పట్టుకుని కొరికి తినాలి. ఒన్ని మాత్రం జేబులోంచి చాకు తీసి, దాన్ని నిలువునా కోసి, మాంసం ఒకపక్కకి, దుంప ఒకపక్కకి జరిపి, తల ఊపి, అప్పుడు తింటాడు. ఊళ్లో పాస్టీలకి పేరు పడ్డ లొరెట్టా పెన్‌హేల్ ఇది ముప్పై ఏళ్లుగా చూస్తోంది, ముప్పై ఏళ్లుగా ఆమెకి ఒళ్లు మండుతోంది.

"ఏం దొరికింది నాయనా, ఎలకా?" అని అడుగుతుంది.

"ఇవాళ లేదు" అంటాడు ఒన్ని.

అలాంటివాడి చేతికి కంప్యూటర్లు చిక్కడం కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ప్రతి నెలా రెండో శనివారం లైబ్రరీ కింది గదిలో మేం ఓ అరడజను మందిమి కూర్చుంటాం. జనం ముసలి లాప్‌టాప్‌లు తెస్తారు. వాటిలో ఉన్న పాత సరుకు తుడిచేసి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి పంపుతాం. అది ఉచితం, పైగా దాని లోపల ఏముందో ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఎక్కించడం ఒకప్పుడు పెద్ద తతంగం. ఇప్పుడు కాఫీ కలుపుకున్నంత తేలిక.

చిక్కల్లా డ్రైవర్లతోనే. యంత్రంలో వైఫై ఉంటుంది, శబ్దం వినిపించే చిప్పు ఉంటుంది. ఒక్కోదానికీ ఎలా పనిచెయ్యాలో చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటి కావాలి, అదే డ్రైవరు. కొన్ని కంపెనీలు దాన్ని బాహాటంగా ఇస్తాయి. కొన్ని మాత్రం తాళం వేసిన పెట్టెలా ఇచ్చి, వాడుకో గానీ లోపలికి తొంగిచూడకు అంటాయి. ఆ రెండో రకం పేరెత్తితే చాలు, ఒన్ని కుర్చీలోంచి లేచి నిలబడతాడు.

అందుకని మా గదిలో ఒక ఏర్పాటు జరిగింది. మధ్యలో ఉన్న బల్లల మీద తెరిచిన డ్రైవర్లు మాత్రమే. తాళం వేసినవి తప్పనిసరైన వాళ్లు మూలకి, బాయిలర్ పక్కకి రావాలి. ఆ మూలకి ఒన్ని స్వహస్తాలతో ఒక తెర కట్టాడు. స్నానాల గదిలో కట్టుకునేది, దాని మీద పసుపురంగు బాతులు. దాని పేరు పాపాల బల్ల. పదకొండేళ్లుగా ఆ బాతుల వెనక కూర్చున్న పాపిని నేనే. డెల్ బెలాంజర్, పగలు పోస్టాఫీసు కిటికీ దగ్గర ఉద్యోగం.

తెర దాటేముందు ప్రతివాడూ మూడు నిమిషాలు ఒన్ని హెచ్చరిక వినాలి. ఒకసారి మా పాస్టరు గారు వైఫై కోసం వచ్చారు.

"చూడండి పాస్టరు గారూ, లోపల ఏముందో ఆ కంపెనీవాడికి తప్ప ఎవరికీ తెలీదు. కంటికి కనపడనిదాన్ని నమ్మి ఇంట్లో పెట్టుకుంటారా?"

"కంటికి కనపడనిదాన్ని నమ్మమని చెప్పడమే నా ఉద్యోగం కదా ఒన్నీ."

ఒన్ని తగ్గలేదు. "మీరు కనీసం పుస్తకం తెరిచి చేతికిస్తారు. వీళ్లు అదీ ఇవ్వరు" అన్నాడు. పాస్టరు గారు నవ్వుకుంటూ నా దగ్గరికి వచ్చేశారు.

హెచ్చరిక అయ్యాక ఒన్ని చొక్కా జేబు గుండీ విప్పి నల్ల అట్ట నోట్‌బుక్కు తీస్తాడు. అసలు భయం అక్కడ మొదలవుతుంది. యంత్రం ఏ ఏటిది, ఏ చిప్పు, ఇంట్లో ఎవరెవరు వాడతారు, ఎందుకు వాడతారు, ఏ బల్ల మీద పెడతారు, ఇలా పోలీసు కూడా అడగని ప్రశ్నలన్నీ అడిగి పెన్సిల్‌తో రాసుకుంటాడు. రాసింది ఎవరికీ చూపించడు. కంపెనీలు మన గుట్టు రాసుకుంటున్నాయని గోలపెట్టే మనిషి ఊరందరి గుట్టూ రాసుకుంటున్నాడు. నాకు అనుమానం రాదా మరి? పదకొండేళ్లు ఒన్ని పక్కన కూర్చుంటే గోడకి కూడా అనుమానాలు అంటుకుంటాయి.

ఆ మధ్య నా కుర్చీ విషయంలోనూ ఇంతే. పాపాల బల్ల దగ్గర నా కుర్చీ కాలు ఒకటి ఏళ్ల తరబడి ఊగుతోంది. ఒక శనివారం వచ్చి కూర్చుంటే ఊగడం లేదు. నాకు గుండె ఆగినంత పనయింది. కింద దూరి చూశాను. కొత్త మేకు కనపడింది. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు? లైబ్రరీ వాళ్లని అడిగితే మాకు తెలీదన్నారు. ఒన్ని వైపు చూశాను. అతను నోట్‌బుక్కులో ఏదో కొట్టేస్తున్నాడు. ఆ రోజంతా సగం కుర్చీ మీదే కూర్చున్నాను.

ఇక వాల్ట్ సంగతి. లొరెట్టా మొగుడు వాల్ట్ పెన్‌హేల్ ముప్పై ఒక్కేళ్లు ఫైర్ స్టేషన్ హాల్లో బింగో అంకెలు పిలిచాడు. బుట్టలోంచి తీసిన బంతి మీది అక్షరం, అంకె పిలిస్తే జనం తమ చీటీలో గుర్తు పెట్టుకునే ఆట అది. ఊరంతా ఆదివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లేది గెలవడానికి కాదు, వాల్ట్‌ని వినడానికి. అంకెకో మాట ఉండేది అతని దగ్గర. ముప్పై రెండు పడితే దానికి పెట్టింది పేరు. ఇక్కడి కొలతలో ముప్పై రెండు డిగ్రీలంటే నీళ్లు గడ్డకట్టే చలి. "ఎన్ ముప్పై రెండు. కోట్లు విప్పండర్రా, మన ఊరికి ఎండాకాలం వచ్చేసింది" అనేవాడు. ముప్పై ఒక్కేళ్లు అదే మాట, ముప్పై ఒక్కేళ్లు అదే నవ్వు.

కిందటి అక్టోబరులో గొంతులో గడ్డ అన్నారు. ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు. అప్పట్నించి మెడలో పలక, చేతిలో మార్కరు. హాల్లో అంకెలు ఫైర్ స్టేషన్ పెద్ద పిలవడం మొదలుపెట్టాడు. పాపం మంచివాడే, కానీ అతను పిలుస్తుంటే మా పోస్టాఫీసులో టోకెన్ నంబర్లు పిలిచినట్టు ఉండేది. జనం సగమయ్యారు.

ఫిబ్రవరిలో వాల్ట్, లొరెట్టా మంచు దులుపుకుంటూ లైబ్రరీ మెట్లు దిగారు. టైపు చేస్తే చదివి వినిపించే ప్రోగ్రాము వాళ్ల లాప్‌టాప్‌లో ఉంది గానీ, మిషన్ ముసలిదైపోయి ఒక మాట కొడితే అది పలికేలోగా కాఫీ చల్లారిపోతోంది. మార్చి మూడో ఆదివారం వాల్ట్‌ని మళ్లీ అంకెలు పిలవమన్నారట. వాల్ట్ పలక ఎత్తి చూపించాడు. "ఆ రోజు పిలుస్తాను. అది కుదరకపోతే ఇంక ఎప్పుడూ పిలవను."

"అంత మాట వద్దు" అంది లొరెట్టా. వాల్ట్ ఆ రెండో వాక్యం కింద గీత గీశాడు.

లినక్స్ పావుగంటలో ఎక్కింది. మిషన్ పదేళ్లు చిన్నదైపోయింది. కానీ శబ్దం లేదు. ఆ చిప్పు తాళం వేసిన రకం. అందరూ బాతుల తెర వైపు చూశారు. ఒన్ని లేచి అడ్డం నిలబడ్డాడు.

"వాల్ట్, ఇది విను. ఈ డ్రైవరు వేస్తే నీ గొంతు తాళంచెవి కంపెనీవాడి జేబులో ఉంటుంది. రేపు వాడు మనసు మార్చుకుంటే నువ్వు మళ్లీ మూగవాడివే."

"ఒన్నీ, ఆయన ఇప్పటికే మూగవాడు. పక్కకి తప్పుకో" అంది లొరెట్టా.

తప్పుకున్నాడు. నేను డ్రైవరు వేశాను. వాల్ట్ రెండు వేళ్లతో నెమ్మదిగా టైపు చేశాడు. మిషన్ పలికింది: "లొరెట్టా, నా బూట్లు ఎక్కడ పెట్టావు?"

లొరెట్టా ఏడుస్తూనే అరిచింది. "నాలుగు నెలల తర్వాత నోరు వచ్చి అడిగేది ఇదా?"

అందరం చప్పట్లు కొట్టాం. నాకు ఆ రోజు గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు. ఒన్ని ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. లాప్‌టాప్‌ని తిప్పి తిప్పి చూశాడు, నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఆ తర్వాతి నెల రోజులూ నాకు ఒన్ని మీద అనుమానాలే అనుమానాలు. ఒకనాడు పోస్టాఫీసుకి ఫైర్ స్టేషన్ పెద్ద వచ్చి, "మీ ఒన్నికి ఏమైందయ్యా? మా హాలుకొచ్చి లౌడ్‌స్పీకర్ వెనకాల దూరాడు. తీగ ఎంత పొడుగో దారంతో కొలుచుకుని వెళ్లాడు. అడిగితే 'ఊరికే' అన్నాడు" అని చెప్పాడు. ఒన్ని జన్మలో ఊరికే ఏదీ చెయ్యలేదు.

మార్చి రెండో శనివారం వాల్ట్ మిషన్ ఒకసారి చూపించుకుందామని వచ్చాడు. నేను కాఫీకి వెళ్లి తిరిగొచ్చేసరికి నా తెర వెనకనించి ఒన్ని గొంతు వినిపించింది. పదకొండేళ్లలో ఆ బాతులు దాటి ఒక్క అడుగు వెయ్యని మనిషి. "ముప్పై రెండు... సరే. యాభై నాలుగు... సరే. ఏడు..." అంటున్నాడు. మధ్యమధ్య పలక మీద మార్కరు కీచుమంటోంది. ఒన్ని వాల్ట్ బ్యాంకు నంబర్లు రాసుకుంటున్నాడనే అనుకున్నాను. తెర లాగాను. వాల్ట్ పలక తుడుస్తున్నాడు. ఒన్ని నోట్‌బుక్కు మూశాడు.

మరో గంటకి వాల్ట్ పైన కాఫీ తాగుతున్నాడు. ఒన్ని ఒంటరిగా వాల్ట్ లాప్‌టాప్ ముందు కూర్చుని టకటకా ఏదో కొడుతున్నాడు. వాల్ట్ సంచీ తెరిచి ఉంది. ఇంక ఆగలేకపోయాను.

"ఏం చేస్తున్నావు నా బల్ల దగ్గర?"

"చూస్తున్నాను."

"నా డ్రైవరు పీకేస్తున్నావా? నీ పంతం కోసం ఆ ముసలాయన నోరు కొడతావా?"

ఒన్ని చెవులు ఎర్రబడ్డాయి. "నీ డ్రైవరు ఉన్నచోటే ఉంది. నేను దాన్ని ముట్టుకోను, నాకు అసహ్యం" అన్నాడు. సంచీ జిప్పు లాగి, నోట్‌బుక్కు జేబులో పెట్టి, గుండీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను మిషన్ పెట్టి చూశాను. డ్రైవరు ఉంది, మాట బాగానే వస్తోంది. అయినా అనుమానం తీరలేదు. ఏమీ జరగకపోవడమే మరీ అనుమానంగా అనిపించింది.

మూడో ఆదివారం వచ్చింది. హాల్లో నూట ఇరవై మందికి పైగా ఉన్నారు, గోడల వెంట కూడా నిలబడ్డారు. వాల్ట్ ఎర్ర టై కట్టుకుని వేదిక ఎక్కాడు. లొరెట్టా బంతుల బుట్ట దగ్గర నిలబడింది. నేను లాప్‌టాప్ తెరిచాను. వాల్ట్ "నమస్కారం" అని కొట్టాడు.

నిశ్శబ్దం.

మళ్లీ కొట్టాడు. పెదవులు కదిలాయి గానీ మిషన్ పలకలేదు. నేను చూశాను. ముందు రోజు అది తనంతట తాను అప్‌డేట్ అయింది. కొత్త లినక్స్‌కి ఆ తాళం పెట్టె సరిపడలేదు. నా డ్రైవరు చచ్చి కూర్చుంది. దాని మూత నేను విప్పలేను, బాగుచెయ్యలేను. కంపెనీవాడు కొత్తది ఇచ్చేదాకా ఎదురుచూడడమే, అది రేపో, వచ్చే ఏడో. వాల్ట్ నావైపు చూశాడు. తర్వాత పలక తీసుకున్నాడు, మార్కరు మూత తీశాడు, ఏం రాయబోతున్నాడో నాకు తెలుసు. అది రాయనివ్వకూడదనుకున్నాను.

"ఒక్క నిమిషం వాల్ట్, ఒక్క నిమిషం. సంచీలో తీగ ఏమన్నా ఉందేమో" అన్నాను. ఏ తీగా నేను పెట్టలేదు, నాకు తెలుసు. ఊరికే చేతులు ఆడించడానికి సంచీ జేబులో చెయ్యి పెట్టాను.

గుడ్డ సంచీ ఒకటి తగిలింది. లోపల బొటనవేలంత యంత్రం, దానికి పొడుగాటి తీగ. లాప్‌టాప్ పక్కన గుచ్చగానే పలికే విడి శబ్దం యంత్రం అది. దాని డ్రైవరు లినక్స్‌లో ముందే ఉంటుంది, తెరిచిందే. తీగ చివర పిన్ను హాలు లౌడ్‌స్పీకర్‌కి సరిగ్గా పట్టింది. పొడుగు కూడా వేదిక నించి స్పీకర్ దాకా అంగుళం తేడా లేదు. నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఒకటి దానికి చుట్టి ఉంది, పెన్సిల్ రాత:

"వాల్ట్ గొంతు. ఇది గుచ్చు. తీగ స్పీకర్‌కి. అంకె కొట్టి ఎంటర్ నొక్కు, చాలు. పూర్తిగా టైపు చెయ్యక్కర్లేదు."

గుచ్చాను. లొరెట్టా బుట్ట తిప్పింది. బంతి తీసి వాల్ట్‌కి చూపించింది. వాల్ట్ రెండు అంకెలు కొట్టి ఎంటర్ నొక్కాడు.

హాలంతా మోగేలా మిషన్ పలికింది: "ఎన్ ముప్పై రెండు. కోట్లు విప్పండర్రా, మన ఊరికి ఎండాకాలం వచ్చేసింది."

హాలంతా నవ్విన నవ్వుకి కిటికీ మీది మంచు జారిపడిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముందు వరసలో ముసలావిడ నిజంగానే కోటు విప్పి కుర్చీకి తగిలించింది. ఒన్ని డెబ్బై అయిదు అంకెలకీ వాల్ట్ పాత మాటలన్నీ ఒక్కొక్కటే అడిగి, పలక మీద రాయించుకుని, కూర్చుని కొట్టిపెట్టాడు. పాత జోకులు గుర్తుచేసుకుంటున్నాడనుకున్నాడట వాల్ట్. వాల్ట్ రెండు వేళ్లతో కొడితే ఆట తెల్లారేదాకా సాగుతుందన్న సంగతి నా బుర్రకి తట్టనేలేదు. ఆ తట్టింది కూడా ఎవరినీ నమ్మనివాడికే.

అంతలో మూడో వరసలోంచి ఒక చెయ్యి లేచింది. ఒన్నిదే.

"ఆ బుట్టలో బంతులు ఎవరన్నా లెక్కపెట్టారా?"

హాలు మూలిగింది. వాల్ట్ రెండు వేళ్లతో తీరిగ్గా టైపు చేశాడు. మిషన్ పలికింది: "రా ఒన్నీ. మూత తీసే ఉంది."

నిజంగా వచ్చాడు. నూట ఇరవై మంది చూస్తుండగా బంతులన్నీ బల్ల మీద పోసి, అయిదేసి చొప్పున పేర్చి లెక్కపెట్టాడు. ముఖం బిగిసింది. "డెబ్బై నాలుగే ఉన్నాయి" అన్నాడు.

పిలిచేసిన బంతులు పెట్టే గూళ్ల బోర్డు వైపు వాల్ట్ వేలు చూపించాడు. ముప్పై రెండు అక్కడ ఉంది. ఒన్ని దగ్గరికెళ్లి దాన్ని చేత్తో తిప్పి చూసి, మళ్లీ దాని గూట్లో పెట్టాడు. "సరే. కానివ్వండి" అని వెళ్లి కూర్చున్నాడు.

మధ్యలో విరామం ఇచ్చారు. లొరెట్టా పాస్టీల పళ్లెం పట్టుకుని తిన్నగా ఒన్ని దగ్గరికి వెళ్లింది. పళ్లెంలో పాస్టీ పక్కన తన వంటింటి చాకు పెట్టుకొచ్చింది.

"కోసుకో నాయనా. నీ ఇష్టం వచ్చినన్ని ముక్కలు కోసుకో."

నేను ఒన్ని పక్కన కూర్చున్నాను. "ముందే ఒక మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నీది పనిచేస్తే దీని అవసరమే రాదు. ముందే చెబితే నీ పని మీద నాకు నమ్మకం లేదని అందరికీ తెలుస్తుంది."

"నీకు నమ్మకం లేదుగా!"

"లేదు. అది నీకు చెప్పడం ఎందుకని."

అతన్ని దొంగలా చూసినందుకు సిగ్గేసింది, ఆ మాట అతనికే చెప్పాను. ఒన్ని వినపడనట్టు పాస్టీలో దుంపలు పక్కకి జరుపుతున్నాడు. అప్పుడు చేతిలో ఉన్న కాగితం వెనక్కి తిప్పాను. అక్కడ ఇంకా పెన్సిల్ రాతలు ఉన్నాయి. "పాస్టరు: తెరిచిన వైఫై కార్డు, పాతదాన్లోంచి తియ్యాలి, ఈస్టర్ లోపల." దాని కింద, కొట్టేసి ఉంది: "డెల్: కుర్చీ ఎడమ వెనక కాలు. పడితే నడుం పోతుంది. మంగళవారం."

"నా కుర్చీ బాగుచేసింది నువ్వేనా?"

ఒన్ని చాకు ఆపాడు. కళ్లు చిన్నవి చేసి చూశాడు. "వెనకవైపు ఎవరు చదవమన్నారు?"

"లోపల ఏముందో చూడకుండా దేన్నీ నమ్మకూడదని నువ్వే కదా చెప్పావు. ఏదీ, ఆ నోట్‌బుక్కు ఒకసారి ఇటివ్వు."

"అది వేరు" అన్నాడు ఒన్ని. నా చేతిలోంచి కాగితం లాక్కుని నోట్‌బుక్కులో పెట్టి, నోట్‌బుక్కు జేబులో పెట్టి, గుండీ పెట్టుకున్నాడు. పెట్టుకుంది సరిగ్గా పడిందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, మళ్లీ పాస్టీలో ఎలక ఉందేమో వెతకడం మొదలుపెట్టాడు.